పదో జత

తాళ్ల ఫ్యాక్టరీ గేటు దగ్గరికి డిటెక్టివ్ చేరేసరికి ఒంటిగంటకి ఐదు నిమిషాలు తక్కువ. టైలరమ్మ అప్పటికే వచ్చి గోడ వారగా నిలబడి ఉంది. మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది. కుట్టుమిషను ముందు నుంచి లేచిన మనిషి లేచినట్టే వచ్చేసింది.

"అన్నా, నన్నూ లోపలికి రానిస్తారా?"

"లేదమ్మా. కోర్టు ఇద్దరికే అనుమతిచ్చింది. అదీ గంటసేపే. రెండు కొట్టగానే బయటికి వచ్చేయాలి."

ఆమె తల ఊపింది. తొమ్మిది రోజుల నుంచి ఆమె ఏది విన్నా అలాగే తల ఊపుతోంది. సోమవారం ఉదయం తొమ్మిది ఇరవైకి ఆమె తమ్ముడు ఒక ఆఫీసు భవనం పదకొండో అంతస్తు బయట అద్దాలు తుడుస్తుండగా తాడు తెగి కింద పడ్డాడు. ఆసుపత్రి దాకా కూడా వెళ్లలేదు. ఆ సమయంలో డాబా మీద తాడు దగ్గర ఉన్నది ఒకే ఒక్క మనిషి. టైలరమ్మ భర్త. పోయినవాడికి స్వయానా బావ. అతని జేబులో మడతకత్తి దొరికింది. ముందురోజు సాయంత్రం బావా బావమరుదులు అరుచుకోవడం ముగ్గురు విన్నారు. ఈ పని మానేస్తానని తమ్ముడు, మానొద్దని బావ. అంతే గొడవ.

"మా అమ్మ నాతో మాట్లాడటం మానేసింది" అంది ఆమె. "కొడుకుని చంపినవాడి పెళ్లాన్నట. నేనూ ఆవిడ కడుపున పుట్టినదాన్నే కదన్నా?"

డిటెక్టివ్ చంకలోని ఫైలు తెరిచాడు. కత్తీ, గొడవా కాక పోలీసుల దగ్గర మూడోది ఒకటుంది. ఫ్యాక్టరీ ఇచ్చిన రెండు పేజీల రిపోర్టు. కొత్తగా వేస్తున్న నారింజ రంగు వల్ల తాడు బలంలో ఏ తేడా రాలేదని పరీక్షించి తేల్చారట. తాడు గట్టిదే అయితే దానంతటది తెగదు. ఎవరో తెంపాలి. తెంపగలిగినవాడు ఒక్కడే. నాలుగింటికి కోర్టులో హత్యకేసు ఛార్జిషీటు పెడుతున్నారు.

స్కూటరు ఆగింది. డిటెక్టివ్ అన్నగారి భార్య దిగింది. ఆమె కాలేజీలో స్టాటిస్టిక్స్ చెబుతుంది. ఈ మరిది కేసులంటే ఆమెకి ఎప్పుడూ నవ్వులాటే. ఇవాళ మాత్రం నవ్వలేదు.

"రిపోర్టు రాత్రి చదివాను. అందులో అంకెలున్నాయి, ముక్కలు ఎలా కోశారో లేదు. అది తెలియకుండా నేను ఒక్క ముక్క మాట్లాడను. పద."

*

పరీక్షల గది పొడుగ్గా, చల్లగా ఉంది. మధ్యలో తాడుని లాగి తెంపే యంత్రం. రెండు ఇనప దవడలు, వాటికి అడ్డంగా మందపాటి గాజుపలక, పైన బరువు చూపే, గడియారం ముల్లు లాంటి ముల్లు. గోడవారన అరలు, అరల్లో డబ్బాలు. యంత్రం పక్కన స్టూలు మీద ల్యాబు పెద్దావిడ కూర్చుని ఉంది. ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఆ స్టూలు ఆవిడదే. కళ్లజోడుకి కట్టిన దారం కూడా ఫ్యాక్టరీ దారమే.

"రిపోర్టు కింద సంతకం మీదేనా అమ్మా?" డిటెక్టివ్ అడిగాడు.

"నాదే."

"రాసింది కూడా మీరేనా?"

"నేను లాగుతాను. ఎంత బరువుకి తెగిందో కాగితం మీద రాసి ఆఫీసుకి పంపుతాను. రిపోర్టు వాళ్లే టైపు చేసుకుంటారు."

"మీరు రాసిన కాగితం ఎక్కడుంది?"

"ఆఫీసులో ఉండాలి."

"లేదంటున్నారు."

పెద్దావిడ నీళ్లు నమిలింది. వదిన స్టూలు లాక్కుని ఆవిడ ఎదురుగా కూర్చుంది.

"ఇరవై ముక్కలు లాగారు కదమ్మా. అవి ఎక్కడెక్కడి నుంచి కోశారు?"

"పది చుట్టలు తీశాం. ఒక్కో చుట్టలోంచి పక్కపక్కనే రెండు ముక్కలు. ఒకటి రంగుకి పంపాను, ఒకటి తెల్లగానే ఉంచాను."

వదిన చేతిలో కలం ఆగిపోయింది. "అయితే ఇవి జతలు."

"జతలే. చుట్టకీ చుట్టకీ బలంలో చాలా తేడా ఉంటుంది. ఒకటి రెండు వేల కిలోలకే తెగుతుంది, ఒకటి రెండువేల ఏడువందలు మోస్తుంది. అందుకే జతలుగా కోయమని మా పాత సారు నేర్పారు."

"మీ సారు మంచి గురువు. ఈ రిపోర్టు రాసినవాడే ఆయన శిష్యుడు కాదు." వదిన మరిది వైపు తిరిగింది. "పదిమంది నెలరోజులు నడిచారనుకో. ఒకావిడ నలభై ఐదు కిలోలు, ఒకాయన తొంభై ఐదు. అందరూ తలా రెండు కిలోలు తగ్గారు. ఎవరి బరువు వాళ్లతోనే పోల్చితే తగ్గారని చూడగానే తెలిసిపోతుంది. అలా కాకుండా పాత బరువులన్నీ ఒక సంచిలో, కొత్త బరువులన్నీ ఇంకో సంచిలో పోసి కలిపేస్తే?"

"ఆ రెండు కిలోలు జనంలో తప్పిపోతాయి."

"అంతే. వీళ్లు చేసింది ఆ సంచుల పరీక్షే. రెండు సగటుల్ని పోల్చే టీ-టెస్టులో అదో రకం. ఈ సంచికీ ఆ సంచికీ సంబంధం ఉండకూడదనేది దానికి మొట్టమొదటి షరతు. ఇక్కడ ప్రతి ముక్కకీ అవతలి సంచిలో తోబుట్టువు ఉంది. షరతు తప్పాక కూడా పరీక్ష జవాబిస్తుంది. అదే చిక్కు. నోరు మూసుకుని ఊరుకోదు."

డిటెక్టివ్ గడియారం చూశాడు. ఒంటిగంటా పదమూడు. "అయితే జతల పరీక్ష చేయండి వదినా."

ఆమె అంకెలు పక్కపక్కన పెట్టి తేడాలు తీసింది. క్యాలిక్యులేటరు మీద వేళ్లు గబగబా నడిచాయి. నాలుగు నిమిషాల తర్వాత ఆగిపోయాయి.

"ఏమైంది?"

"తేడా లేదనే వస్తోంది."

డిటెక్టివ్‌కి గేటు బయట నిలబడ్డ మనిషి గుర్తొచ్చింది. ఏం చెప్పాలి ఆమెకి? లెక్క సరిగ్గా చేయించాను, అయినా మీ ఆయనే అని తేలిందనా?

"ఆగు" అంది వదిన. "ఈ తేడాలు చూడు. మొదటి తొమ్మిది జతల్లోనూ రంగు వేసిన ముక్కే ముందు తెగింది. ఒకచోట ఎనభై కిలోలు తక్కువ, ఒకచోట నూటయాభై. మిగతావన్నీ ఆ మధ్యలోనే. పదో జత చూడు. తెల్లది రెండువేల రెండువందల డెబ్భైకి తెగింది. రంగుది మూడువేల నూటనలభైకి. ఎనిమిది వందల డెబ్భై ఎక్కువ!"

"ఒక్కటే ఎదురు తిరిగింది."

"తిరగడమా! ఆ తొమ్మిదింటి గొంతూ ఇదొక్కటే నొక్కేస్తోంది. దీన్ని కలిపితే సగటు తేడా పదిహేడు కిలోలకి పడిపోయింది. పది జతలే ఉన్నప్పుడు తేడాల్లో ఇలాంటి విపరీతం ఉండకూడదు. అది రెండో షరతు. అదీ తప్పింది."

"అయితే ఏ పరీక్ష చేయాలి?"

"ఎంత తేడా అన్నది వదిలేసి, ఎటువైపు తేడా అన్నదే చూసే పరీక్ష ఒకటుంది. గుర్తుల పరీక్ష. రంగు వల్ల ఏమీ కాదనే అనుకుందాం. అప్పుడు ప్రతి జతలోనూ ఏది ముందు తెగుతుందన్నది నాణెం ఎగరేసినట్టే. పది నాణేలు ఎగరేస్తే తొమ్మిదో పదో ఒకేవైపు, అదీ మనం అనుమానించిన వైపే పడటం వెయ్యిసార్లలో పదకొండు సార్లు కూడా జరగదు."

డిటెక్టివ్ ఊపిరి తీసుకునేలోపు గుమ్మం దగ్గర ఎవరో నెమ్మదిగా చప్పట్లు కొట్టారు.

*

ఇన్‌స్పెక్టర్ లోపలికి వచ్చాడు. ఒంటిగంటా ఇరవై నాలుగు. ఇస్త్రీ నలగని చొక్కా, చేతిలో ఛార్జిషీటు ఫైలు. డిటెక్టివ్‌కీ అతనికీ పదేళ్ల పరిచయం. ఆ పదేళ్లలో ఒక్క మంచి మాట లేదు.

"బాగుందండీ. మొదటి పరీక్షలో జవాబు నచ్చలేదు. రెండోది చేశారు. అదీ నచ్చలేదు. మూడోది చేశారు, నచ్చింది. మేడమ్‌గారూ, మీ కాలేజీలో పిల్లలు ఇలా చేస్తే మార్కులేస్తారా?"

వదిన మొహం ఎర్రబడింది. కానీ తప్పించుకోలేదు.

"వేయను. అంకెలు చూశాక పరీక్ష మార్చడం తప్పే. మూడోది ఎంచుకోవడంలో ఆ మచ్చ నాకు అంటుకుంటుంది, ఒప్పుకుంటున్నాను. జతల సంగతి మాత్రం వేరు. జతలు నేను కట్టలేదు. తాడు కోసిన రోజే ఈవిడ కట్టింది. దాన్ని చూడనట్టు నటించింది మీ రిపోర్టు."

"సరే. మీ మాటే నిజమనుకుందాం. రంగు వల్ల తాడు బలం తగ్గింది. ఎంత?"

వదిన కాగితం తిప్పి మళ్లీ చూసింది.

"ఎంతండీ? వెయ్యిలో పదకొండు అంటున్నారే, అది కాదు. కిలోల్లో చెప్పండి."

"తొమ్మిది జతల సగటు తీసుకుంటే నూటపదహారు."

"రెండువేల కిలోలు మోసే తాడు నూటపదహారు తగ్గింది. చనిపోయిన కుర్రాడి బరువు అరవై ఎనిమిది. బకెట్టు, నీళ్లు, బెల్టు అన్నీ వేసుకున్నా తొంభై." ఇన్‌స్పెక్టర్ గొంతు పెంచలేదు. పెంచాల్సిన అవసరం లేదని అతనికి తెలుసు. "ఆ తాడు అతన్నీ, అతని బావనీ, మీ ఇద్దర్నీ, నన్నూ కలిపి మోసినా తెగకూడదు. తెగింది. అంటే తెంపారు."

డిటెక్టివ్ వదిన వైపు చూశాడు. ఆమె కాగితం వైపు చూస్తోంది. తేడా ఉందని తేల్చడం ఒకటి, ఆ తేడా మనిషిని చంపేటంతదని తేల్చడం ఇంకొకటి. మొదటిదాని కోసం అరగంట తన్నుకులాడి, రెండోదాని దగ్గర చేతులెత్తేశారు. ఇన్‌స్పెక్టర్ చెప్పింది తప్పు కాదు. అదే అన్నిటికంటే బాధగా ఉంది.

"తాడు తెగిన చివర పరీక్షకి పంపారుగా?" డిటెక్టివ్ అడిగాడు.

"పంపాం. రిపోర్టుకి ఆరు వారాలు."

"అప్పటిదాకా ఛార్జిషీటు ఆపండి."

"పైవాళ్లు సంతకాలు పెట్టేశారు. ఆపడం నా చేతుల్లో లేదు. ఉన్నా ఆపను."

"రక్షణ కోసం కట్టాల్సిన రెండో తాడు లేకుండా మనిషిని కిందికి దింపిన కాంట్రాక్టరు మాత్రం ఇంట్లో కూర్చున్నాడు."

"అతని మీద వేరే కేసుంది. దీంతో కలపకండి." ఇన్‌స్పెక్టర్ గడియారం చూసుకున్నాడు. "ఇంకా అరగంట ఉంది మీకు. నేనిక్కడే ఉంటాను. ఏదీ ముట్టుకోవద్దు."

డిటెక్టివ్ చేతులు వెనక్కి కట్టుకుని యంత్రం చుట్టూ తిరిగాడు. వేరే ఏం చేయాలో తోచక తిరిగాడంతే. దవడలు చూశాడు. దవడల మధ్య ఇరుక్కున్న నారింజ రంగు పోగు చూశాడు. గాజుపలక మీద గీతలు చూశాడు. ముల్లు చూశాడు. అక్కడ ఆగి, కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు.

"అమ్మా, ఈ ముల్లు చివరి అంకె ఎంత?"

"మూడువేలు."

"మూడువేలు దాటితే?"

"దాటదు బాబూ. రెండువేల తొమ్మిదివందల యాభైకే మోటారు ఆగిపోతుంది. లేకపోతే దవడలు విరిగి మీద పడతాయి."

"అయితే పదో ముక్క మూడువేల నూటనలభైకి ఎలా తెగింది?"

వదిన మెల్లగా లేచి నిలబడింది. ఇన్‌స్పెక్టర్ ముల్లు దగ్గరికి వచ్చి వంగి చూశాడు. యంత్రానికి కొట్టిన ఇత్తడి రేకు మీద కూడా అదే అంకె. మూడువేల కిలోలు.

"టైపు తప్పు అయ్యుండొచ్చు" అన్నాడు. గొంతులో మునుపటి ధీమా లేదు.

"టైపు తప్పయితే సగటులు రెండూ అంత చక్కగా ఎలా సరిపోయాయి?" అంది వదిన. "ఎంత పెడితే తేడా మాయమవుతుందో చూసుకుని పెట్టిన అంకె ఇది. పెట్టినవాడికి లెక్క తెలుసు. ఈ యంత్రం తెలియదు."

డిటెక్టివ్ పెద్దావిడ ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. "ముప్ఫై ఒక్క ఏళ్లు ఈ ముల్లు చూసిన మనిషి అంత అంకె రాయదు. మీరు రాయలేదు. మీరు రాసిందెంతమ్మా?"

ఆవిడ కళ్లజోడు దారం పట్టుకుని మెలిపెడుతోంది.

"నన్ను లోపలేస్తారా?"

"నాకు తెలియదు. బయట గేటు దగ్గర ఒకామె ఉంది. తమ్ముడు పోయాడు. మొగుడు లాకప్పులో ఉన్నాడు. ఆమెకి మీరు చెప్పే అంకె తప్ప ఇంకేమీ మిగల్లేదు."

"నెల మొదట్లోనే ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టించుకుంటారు బాబూ. అందరం పెడతాం. వాళ్లు నింపుకుంటారు." పెద్దావిడ తల దించుకుంది. "తొమ్మిది జతలు రంగు ఆరిన మర్నాడే లాగాను. తొమ్మిదోది అయ్యాక యంత్రం దవడ పగిలింది. కొత్తది వచ్చేసరికి ఏడు వారాలు పట్టింది. అప్పుడు లాగాను పదో జత. తెల్లది మామూలుగానే తెగింది. రంగుది..."

"చెప్పండి."

"ఆరువందల నలభై."

వదిన ఆ అంకె కాగితం మీద రాసుకుంది.

"నేనే సరిగ్గా బిగించలేదేమో అనుకున్నాను. ఆఫీసుకి ఫోన్ చేసి మేనేజరుగారికి చెప్పాను. నువ్వు ఊరుకో, మేం చూసుకుంటాం అన్నారు. ఊరుకున్నాను. ఆ కుర్రాడు పడ్డాడని విన్న రోజు కూడా ఊరుకున్నాను." ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏడు వారాలు" అంది వదిన, తనలో తాను అనుకుంటున్నట్టు. "అన్నీ ఒకేలా లాగారని మనం అనుకున్నాం. అనుకోవడమే, ఒక్కరం అడగలేదు. నేనూ అడగలేదు. అది అన్నిటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న. ఇది పది జతల పరీక్ష కాదు. తొమ్మిది కొత్త తాళ్లు, ఒక పాత తాడు. ఆ ఏడు వారాలూ పక్కనే ఉన్న తెల్ల ముక్కకి ఏమీ కాలేదు. రంగుదాన్ని మాత్రం లోపల్లోపల ఏదో తింటూ వచ్చింది."

"రంగు తొట్టిలో యాసిడ్ కలుపుతారు" అంది పెద్దావిడ. "ఇదివరకు మూడు నీళ్లలో కడిగేవాళ్లు. ఇప్పుడు ఒక్కసారే ముంచి తీస్తున్నారు."

"కుర్రాడు పడ్డ తాడుకి రంగు ఎప్పుడేశారు?" డిటెక్టివ్ అడిగాడు.

జవాబు ఇన్‌స్పెక్టరే చెప్పాడు. తాడుకి కట్టిన చీటీ నకలు అతని ఫైల్లోనే ఉంది. రంగు తేదీ నుంచి ప్రమాదం రోజుకి పదమూడు వారాలు.

*

ఒంటిగంటా నలభై ఆరు. పదో చుట్ట నుంచి కోసిన రంగు ముక్కలో మిగిలింది పెద్దావిడ పారేయలేదు. పై అరలో డబ్బాలో చుట్టి పెట్టింది. దానికి రంగు వేసి ఇప్పటికి అయిదు నెలలు.

"లాగండి" అన్నాడు డిటెక్టివ్.

"ఏదీ ముట్టుకోవద్దన్నాను" అన్నాడు ఇన్‌స్పెక్టర్. ఒక్క క్షణం ఆగి, "ఆవిడ ముట్టుకోవచ్చు" అన్నాడు.

పెద్దావిడ ఏడుస్తూనే బిగించింది. చేతులు మాత్రం వణకలేదు. చూపుకి ఆ ముక్క కొత్త తాడులాగే ఉంది. నిగనిగలాడే నారింజ రంగు. గాజుపలక దించి మీట నొక్కింది. ముల్లు కదిలింది. యాభై. నూరు. నూటయాభై. మామూలుగా తాడు తెగితే తుపాకీ పేలినట్టుంటుందట. ఇది అలా లేదు. పాతగుడ్డ చిరిగినట్టు చిన్న చప్పుడు. అంతే. ముల్లు రెండువందల పది దగ్గర ఆగిపోయింది.

తొంభై కిలోల బరువుతో వేలాడే మనిషి కాలు జారి ఒక్క కుదుపు కుదిపితే ఎంతవుతుందో ఎవరూ లెక్క వేయలేదు.

"ఒక్క ముక్క" అన్నాడు ఇన్‌స్పెక్టర్ చివరికి. "మేడమ్, మీరే చెప్పండి. ఒక్క ముక్కతో ఏం తేలుతుంది?"

"ఏమీ తేలదు. ఒక్కదానితో ఏ పరీక్షా నిలబడదు. కాంట్రాక్టరు దగ్గర మీరు జప్తు చేసినవి ఎన్ని?"

"పంతొమ్మిది."

"వాటిని లాగించండి. పక్కన అదే వయసు తెల్ల తాళ్లు పెట్టి లాగించండి. ఎన్ని లాగాలో, ఏ పరీక్ష చేయాలో ఈసారి ముందే రాసి సంతకం పెట్టిస్తాను. తర్వాత మార్చానని మీరు అనడానికి ఉండదు."

"నాలుగింటిలోపు అవుతుందా?"

"అవదు."

"అయితే నాలుగింటికి ఛార్జిషీటు వెళ్తుంది." ఇన్‌స్పెక్టర్ ఫైలు తెరిచి మూశాడు. మళ్లీ తెరిచాడు. "నేను పైకి ఫోన్ చేస్తాను. వింటారని చెప్పలేను. మేనేజరు ఎక్కడ?"

"పొద్దున్నే ఊరెళ్లారు. ఫోన్ ఆపేసి ఉంది" అంది పెద్దావిడ.

తలుపు దగ్గర కాపలాదారు కనబడ్డాడు. "టైమయిందండీ. రెండయింది."

డిటెక్టివ్ కదల్లేదు. ఇప్పటిదాకా అతని బుర్రలో ఉన్నది లాకప్పులో ఉన్న ఒక్క మనిషి. ఇప్పుడు ఇంకో సంగతి ముల్లులా గుచ్చుకుంది.

"అమ్మా, ఆ తొట్టిలో రంగు వేసినవి మొత్తం ఎన్ని? ఎవరెవరికి వెళ్లాయి?"

పెద్దావిడ సొరుగు లాగింది. బయటికి వెళ్లే ప్రతి మూటకీ ఆవిడే చీటీ చించి కడుతుంది. చించగా మిగిలిన మొదళ్లు పుస్తకంలో ఉన్నాయి. తడి వేలితో పేజీలు తిప్పింది.

"రెండు మూటలే. ఒకటి అద్దాలు తుడిచే కాంట్రాక్టరుకి, ఇరవై తాళ్లు. రెండోది ముప్ఫై ఆరు." ఆవిడ కళ్లజోడు సరిచేసుకుని చదివింది. "అగ్నిమాపక శిక్షణ కేంద్రం. వెళ్లి పధ్నాలుగు వారాలయింది."

ఇన్‌స్పెక్టర్ ఆవిడ చేతిలోంచి పుస్తకం లాక్కున్నాడు. చదివాడు. వేలు పెట్టి మళ్లీ చదివాడు. పదేళ్లలో మొదటిసారి డిటెక్టివ్ ఆ మొహంలో రంగు మారడం చూశాడు.

"మా అమ్మాయి అక్కడే ఉంది" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

ఎవరికీ వెంటనే అర్థం కాలేదు.

"మా పెద్దది. ట్రైనింగులో. ఇవాళ వాళ్లకి ఏదో పరీక్ష. పొద్దున ఇంట్లో చెప్పింది. తాడు పట్టుకుని టవరు మీద నుంచి దిగాలట." అతను ఫోను తీశాడు. రెండుసార్లు తప్పు నంబరు నొక్కాడు. డిటెక్టివ్ ఫోను తీసుకుని, అతను చెబుతుంటే నొక్కి, మాట అందరికీ వినబడేలా బల్ల మీద పెట్టాడు.

మొదటి ఫోను అమ్మాయికి. మోగి మోగి ఆగిపోయింది. రెండోది కేంద్రం ఆఫీసుకి. ఐదోసారి మోగాక గుమాస్తా ఎత్తాడు.

"టవరు మీద పరీక్ష ఆపండి!" ఇన్‌స్పెక్టర్ అరిచాడు. "నారింజ రంగు తాళ్లు. ఎవరినీ దింపొద్దు. వెంటనే ఆపండి!"

"ఎవరండీ మాట్లాడేది? నారింజ తాళ్లా? అవి ఇవాళే విప్పారండీ, కొత్తవి, పరీక్ష కోసమని దాచి ఉంచారు."

"ఎంతమంది దిగారు?"

"ఇద్దరు దిగారండీ. ఒకాయన దిగేటప్పుడు తాడు ఏదో కిర్రుమందని ఇప్పుడే అనుకుంటున్నారు. మూడో మనిషి కట్టుకుంటున్నట్టున్నారు. అమ్మాయే. నాకు కిటికీలోంచి కనబడుతోంది."

ఇన్‌స్పెక్టర్ బల్ల అంచు పట్టుకున్నాడు. వదిన ఫోను మీదికి వంగింది.

"బాబూ, నేను చెప్పేది విను. ఆ తాళ్లు పాడయ్యాయి. తెగిపోతాయి. నువ్వు ఫోను పెట్టేయకు, అలాగే వదిలేసి పరుగెత్తు. అరుచుకుంటూ పరుగెత్తు. టవరు ఎంత దూరం?"

"మైదానం అవతలండీ..."

"పరుగెత్తు!"

కుర్చీ పడిన చప్పుడు. తలుపు చప్పుడు. చెప్పులు టపటపా దూరమయ్యాయి. తర్వాత ఫోనులోంచి ఖాళీ గది చప్పుడు ఒక్కటే వచ్చింది. ఫ్యాను తిరుగుతోంది. కిటికీ తెరిచే ఉన్నట్టుంది, చాలా దూరంగా గాలి, గాలిలో ఎవరివో గొంతులు.

నలుగురూ బల్ల చుట్టూ వంగి నిలబడ్డారు. ఎవరికీ చేయడానికి ఏమీ లేదు. పెద్దావిడ కళ్లు మూసుకుంది. ఇన్‌స్పెక్టర్ పెదాలు కదులుతున్నాయి. డిటెక్టివ్ అతని భుజం మీద చెయ్యి వేశాడు. అతను తోసేయలేదు.

ఫోనులో, మైదానం అవతల నుంచి, ఎవరో పొడుగ్గా ఒక విజిల్ వేశారు. అది ఆపమనడానికో, దిగమనడానికో వాళ్లలో ఒక్కరికీ తెలియలేదు.